కిందికి దించిన కారు: టో సరిచేస్తే చాలా, క్యాంబర్ కిట్ కూడా వేయాలా? ఏది మేలు?

కారును 30 మి.మీ. కిందికి దించిన కొన్నాళ్లకే ముందు టైర్ల లోపలి అంచు గుండైపోతుంది. బయట నిలబడి చూస్తే ట్రెడ్ ఇంకా ఐదు మి.మీ. లోతు ఉన్నట్టే కనిపిస్తుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పి లోపలి వైపు చెయ్యి పెడితే రబ్బరు కింది ఉక్కు తీగ తగులుతుంది. ఎవరిని అడిగినా వచ్చే జవాబు ఒకటే: "క్యాంబర్ పెరిగింది, కిట్ వేయించండి." ఆ జవాబులో సగమే నిజం. టో అంటే పై నుంచి చూసినప్పుడు చక్రం ముందు అంచు లోపలికో బయటికో తిరిగి ఉండటం. క్యాంబర్ అంటే ముందు నుంచి చూసినప్పుడు చక్రం వాలి ఉండటం, పైభాగం లోపలికి వాలితే అది నెగటివ్. ఆ వాలును సరిచేసే భాగాలే కిట్. చాలా బండ్లలో ఆ టైరును తినేసింది టో. క్యాంబర్ చేసిందల్లా ఆ అరుగుదల ఏ అంచున పడాలో చూపించడమే.

లెక్క వేసి చూడండి. ఒక్కో ముందు చక్రం 0.25° బయటికి తిరిగి ఉందనుకుందాం. బండి కిలోమీటరు పోయేసరికి చక్రం చూసే దిశకూ బండి పోయే దిశకూ మధ్య సుమారు 4.4 మీటర్ల తేడా వస్తుంది. ఆ తేడాలో కొంత రబ్బరు వంగి భరిస్తుంది, మిగతాది రోడ్డు మీద పక్కకు ఈడ్చుకుపోవడమే. మలుపులతో దీనికి పని లేదు, తిన్నటి హైవే మీద కూడా ఇది ఒక్క క్షణం ఆగదు. క్యాంబర్ సంగతి వేరు. లోపలికి వాలిన చక్రం దాదాపు తిన్నగానే దొర్లుతుంది. −1.5° దగ్గర లోపలి అంచు మీద బరువు కాస్త ఎక్కువ పడుతుంది. టో సున్నాకు దగ్గరగా ఉంటే ఆ టైరు లోపలి వైపు కొంచెం ముందుగా అరిగినా, చెప్పుకోదగ్గ ఆయుష్షే ఇస్తుంది.

మరి దించినప్పుడు రెండూ ఒకేసారి ఎందుకు చెడతాయి? చాలా కార్లలో సస్పెన్షన్ నొక్కుకున్నప్పుడు ముందు చక్రాలు కొద్దిగా బయటికి తిరిగేలా జ్యామితి పెడతారు. మలుపులో బండి ఒరిగినప్పుడు నిలకడగా ఉండటానికి అది అవసరం. కారును దించడమంటే సస్పెన్షన్‌ను ఎప్పుడూ నొక్కిపట్టి ఉంచడమే. కాబట్టి ఆ టో ఔట్, అంటే బయటికి తిరిగిన టో, శాశ్వతంగా మిగిలిపోతుంది. చక్రాన్ని కింది నుంచి పట్టుకునే లోయర్ ఆర్మ్ గీసే చాపం, స్టీరింగ్‌ను చక్రానికి కలిపే టై రాడ్ గీసే చాపం ఒకటి కావు. ఎత్తు మారితే టో మారక తప్పదు. దానికి తోడు నెగటివ్ క్యాంబర్ వస్తుంది. మెక్‌ఫెర్సన్ స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసి ఒకే నిలువు కాలుగా ఉండేది) ఉన్న బండిలో 30 మి.మీ. దించితే సాధారణంగా అర డిగ్రీ నుంచి ఒక డిగ్రీ వరకు పెరుగుతుంది. డబుల్ విష్‌బోన్ (చక్రాన్ని పైనొకటి, కిందొకటి ఆర్మ్ పట్టుకునేది) అయితే ఇంకా ఎక్కువ, ఎందుకంటే పై ఆర్మ్ పొట్టిగా ఉండి చక్రం పైభాగాన్ని త్వరగా లోపలికి లాగుతుంది. టో ఔట్ అసలే లోపలి అంచును గీకుతుంది. బరువు కూడా అక్కడే పడుతోంది. ఇక ఆ అంచు ఎన్నాళ్లు నిలుస్తుంది?

ముందు చేత్తో చూడండి

డబ్బు ఖర్చు పెట్టే ముందు ట్రెడ్ మీద అరచేతిని అడ్డంగా, ఒకసారి లోపలి నుంచి బయటికి, మరోసారి బయటి నుంచి లోపలికి నడపండి. ఒక వైపు నున్నగా, తిరుగు దిశలో రంపపు పళ్లలా తగిలితే అది టో పని. రెండు వైపులా నున్నగానే ఉండి, లోతు మాత్రం బయటి నుంచి లోపలికి ఏటవాలుగా తగ్గుతూ పోతే క్యాంబర్ పని. వాలూ పళ్లూ రెండూ ఉంటే రెండూ తప్పే, అయినా మొదట చూడవలసింది టో. చుట్టూ అక్కడక్కడ గుంటలు పడితే అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) జోలికి వెళ్లకండి. షాక్ అబ్జార్బర్ పోయింది, లేదా దించిన బండి మాటిమాటికీ బంప్ స్టాప్ (సస్పెన్షన్ చివరిదాకా నొక్కుకోకుండా ఆపే దిమ్మ) మీద కూర్చుంటోంది. రెండు అంచులూ సమానంగా అరిగితే గాలి తక్కువైంది.

వెనక టైర్లను చాలామంది మరచిపోతారు. మల్టీలింక్ (ఒక్కో చక్రాన్ని చాలా ఆర్మ్‌లు పట్టుకునే) వెనక సస్పెన్షన్‌ను దించితే క్యాంబర్ బాగా పెరుగుతుంది, టో చాలా బండ్లలో లోపలికి పోతుంది. లోపలి అంచున ట్రెడ్ దిమ్మలు మెట్లు మెట్లుగా అరిగి, వేగంలో హోరు మొదలవుతుంది. అది అచ్చం వీల్ బేరింగ్ శబ్దంలా ఉండటం వల్ల బేరింగ్ మార్చేసి, శబ్దం పోలేదని తల పట్టుకునేవాళ్లున్నారు. ముందూ వెనకా చక్రాలు అటూ ఇటూ మార్చి చూడండి. శబ్దం టైరుతోపాటు ముందుకు వస్తే బేరింగ్ తప్పేమీ లేదు.

టో ఒక్కటే సరిచేయడం

ముందు స్ట్రట్ సస్పెన్షన్, దించినది 35 మి.మీ. లోపు, దించాక క్యాంబర్ −1.5° లోపు, కుడి ఎడమల తేడా అర డిగ్రీ లోపు. ఇలా ఉన్న బండికి రోజువారీ వాడకంలో కిట్ అవసరం లేదు. ముందు రెండు చక్రాల మొత్తం టో సున్నా నుంచి 0.10° లోపలికి, వెనక మొత్తం 0.15° నుంచి 0.30° లోపలికి పెట్టించండి. అదే మోడల్‌కు కంపెనీ వాళ్లే తక్కువ ఎత్తు సస్పెన్షన్‌తో రకం అమ్మి ఉంటే, దాని అంకెలు తీసుకోవడం అన్నిటికన్నా మంచిది.

ఈ మార్గంలో అసలు చిక్కు కొలతల దగ్గరే వస్తుంది. అలైన్‌మెంట్ మెషిన్ ఇచ్చే కాగితం మీద 0°10' అని ఉంటే అది పది నిమిషాలు (డిగ్రీకి అరవై నిమిషాలు), అంటే 0.17°. దాన్ని 0.10° అనుకుంటే దాదాపు నలభై శాతం తప్పుతారు. మి.మీ.లో చెప్పినా అంతే జాగ్రత్త కావాలి. 205/55 ఆర్16 టైరు పూర్తి వ్యాసం, అంటే సుమారు 632 మి.మీ. మీద కొలిస్తే ఒక మి.మీ. టో 0.09° అవుతుంది. అదే మి.మీ.ను 16 అంగుళాల రిమ్ అంచు దగ్గర కొలిస్తే 0.14°. ఏ వ్యాసం మీద కొలిచారో తెలియని మి.మీ. అంకెకు అర్థం లేదు.

ఇంకొకటి, మెషిన్ తెర మీది పచ్చరంగును నమ్ముకోవద్దు. మెషిన్‌లోని హద్దులు కంపెనీ ఎత్తుకు, కంపెనీ క్యాంబర్‌కు పెట్టినవి. ఆ హద్దు లోపలే టో ఔట్ వైపు చివర ఉన్నా తెర మీద పచ్చగానే కనిపిస్తుంది. −1.5° క్యాంబర్ ఉన్న బండికి ఆ చివరి అంకె లోపలి అంచును తినేస్తుంది. "పచ్చగా వచ్చింది" అన్న మాటతో సరిపెట్టుకోకుండా అంకె అడిగి చూసుకోండి.

క్యాంబర్ కూడా సరిచేయడం

క్యాంబర్ −2° దాటినప్పుడు, లేదా రెండు వైపులా తేడా అర డిగ్రీ మించి బండి ఒక పక్కకు లాగుతున్నప్పుడు టో ఒక్కటే సరిపోదు. పక్క గోడ పొట్టిగా, గట్టిగా ఉండే వెడల్పు టైర్లు క్యాంబర్‌ను మరీ ఓర్చుకోవు. 55 సిరీస్ టైరు (పక్క గోడ ఎత్తు వెడల్పులో 55 శాతం) −2° దగ్గర వంగి సర్దుకుంటుంది, 35 సిరీస్ టైరు అంతగా సర్దుకోదు. హైవేలో తిన్నగా ఎక్కువ దూరం నడిచే బండికి కూడా క్యాంబర్ తగ్గించడమే మేలు. మలుపుల రోడ్లలో గట్టిగా నడిపేవారికి మాత్రం అదే −2° బయటి అంచును కాపాడుతుంది. అలాంటి బండికి క్యాంబర్ తీసేస్తే అరుగుదల లోపలి అంచు వదిలి బయటి అంచు పట్టుకుంటుంది.

స్ట్రట్ బండికి అన్నిటికన్నా తేలికైనది క్యాంబర్ బోల్ట్. స్ట్రట్‌ను నకిల్‌కు (చక్రాన్ని మోసే లోహపు ముక్కకు) పట్టే రెండు బోల్టుల్లో ఒకదాని స్థానంలో, నడుము సన్నగా ఉండి ఒక పక్క ఉబ్బు ఉన్న బోల్ట్ వేస్తారు. తిప్పితే నకిల్ వాలు మారుతుంది. ఇటూ అటూ సుమారు 1.5° వరకు దొరుకుతుంది. ఇందులో రెండు లోపాలు ఉన్నాయి. సన్న నడుము వల్ల పట్టు తక్కువ కాబట్టి, పెద్ద గుంటలో పడితే జారుతుంది. ఆ కిట్‌తో ఇచ్చిన టార్క్‌కే, టార్క్ రెంచ్‌తోనే బిగించాలి. కంపెనీ బోల్టుకు చెప్పిన టార్క్ దీనికి పనికిరాదు. బిగించాక నకిల్, స్ట్రట్ కలిసే చోట పెయింట్ గీత గీసి పెడితే జారిందో లేదో ఎప్పుడైనా కళ్లతో చూసుకోవచ్చు. రెండో లోపం, క్యాంబర్ తగ్గితే చక్రం పైభాగం బయటికి వస్తుంది. దించిన బండిలో ఫెండర్ అంచుకూ టైరుకూ మధ్య ఎడం అసలే తక్కువ. ఆఫ్‌సెట్ తక్కువున్న (చక్రాన్ని ఇంకా బయటికి తెచ్చే) రిమ్‌లు కూడా వేసి ఉంటే టైరు రాసుకుంటుంది.

టాప్ ప్లేట్లు స్ట్రట్ పై చివరను జరుపుతాయి. జారవు, అంకెలు ఉన్న స్కేల్ ఉంటుంది కాబట్టి మార్చడం సులువు. అయితే చాలావాటిలో రబ్బరు బదులు లోహపు గోళం బేరింగ్ ఉంటుంది. గతుకుల మీద టకటక వినిపిస్తుంది, దుమ్ము నీళ్లు పడితే అది త్వరగా వదులవుతుంది. ఎక్కువ నెగటివ్ క్యాంబర్ కోరే ట్రాక్ బండికి ఇవి సరైనవి. దించిన బండిలో క్యాంబర్ తగ్గించడానికి మాత్రం అనవసరపు ఖర్చే. రోజూ తిరిగే బండికి బోల్టులే మేలు.

డబుల్ విష్‌బోన్‌లోనూ మల్టీలింక్‌లోనూ పొడవు మార్చుకునే ఆర్మ్‌లు తప్ప వేరే దారి పెద్దగా లేదు. పై ఆర్మ్ పొడవు పెంచితే చక్రం పైభాగం బయటికి వచ్చి క్యాంబర్ తగ్గుతుంది. రబ్బరు బుష్ ఉన్న ఆర్మ్ ఎంచుకోండి. రాడ్ ఎండ్ (రబ్బరు లేని లోహపు గోళం కీలు) ఉన్నవి రోడ్డు బండిలో ఎక్కువ కాలం నిలవవు. ఒక సంగతి గుర్తుంచుకోవాలి: క్యాంబర్ కదిలిన ప్రతిసారీ టో కూడా కదులుతుంది. ఆర్మ్ వేసి టో చూడకుండా బయటికి వచ్చిన బండి, కిట్ లేని బండి కన్నా వేగంగా టైర్లు తింటుంది.

వెనక టార్షన్ బీమ్ ఉన్న బండ్లకు ఈ గొడవ తక్కువే. రెండు చక్రాలూ ఒకే బీమ్‌కు ఉండటం వల్ల దించినా కోణాలు పెద్దగా మారవు. తప్పనిసరి అయితే స్టబ్ యాక్సిల్‌కూ (చక్రం తిరిగే పొట్టి ఇరుసుకూ) బీమ్‌కూ మధ్య ఏటవాలు షిమ్ (పలుచని బిళ్ల) పెడతారు.

పని జరిగే వరుస

ఏ మార్గం ఎంచుకున్నా, వరుస తప్పితే పెట్టిన డబ్బు వృథా. స్ప్రింగులు మార్చాక లోయర్ ఆర్మ్ బుష్ బోల్టులను చక్రాలు గాల్లో వేలాడుతుండగా బిగించకూడదు. రబ్బరు లోపలి గొట్టానికి అతుక్కుని ఉంటుంది. వేలాడే స్థితిలో బిగిస్తే బండి నేల మీదకు దిగగానే మెలితిరిగిపోతుంది. ఎత్తు సరిగ్గా కూర్చోదు, బుష్ త్వరగా చినుగుతుంది. బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడే చివరి బిగింపు వేయాలి. బయటికి తీసే ముందు టో ఒకసారి సుమారుగానైనా సరిచేయించండి, ఎందుకంటే దించిన రోజు నుంచే టైరు అరుగుతుంది. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగి స్ప్రింగులు కుదురుకున్నాక అసలు అలైన్‌మెంట్ చేయించాలి.

ఆ రోజు టైర్లలో గాలి సరిచూసి, బాల్ జాయింట్లలో టై రాడ్ ఎండ్‌లలో ఆట (వదులు) లేదని తేల్చుకున్నాకే మెషిన్ ఎక్కించాలి. ఆట ఉన్న బండికి పెట్టిన కోణం సాయంత్రానికి ఉండదు. మొదట వెనక చక్రాలు, తర్వాత ముందువి. క్యాంబర్, క్యాస్టర్ (పక్క నుంచి చూస్తే స్టీరింగ్ తిరిగే అక్షం వాలు) అయ్యాక, స్టీరింగ్‌ను తిన్నగా లాక్ చేసి, చివరగా టో. రెండు టై రాడ్‌లనూ తిప్పాలి. ఒక్కదాన్నే తిప్పి మొత్తం అంకె సరిచేస్తే టైర్లు బాగానే ఉంటాయి కానీ స్టీరింగ్ వంకరగా నిలుస్తుంది. ఎప్పుడూ ఒక్కరే నడిపే బండి అయితే డ్రైవర్ సీటులో అంత బరువు పెట్టి చేయించడం మంచిది. దించిన బండిలో ఆ తేడా కాగితం మీద స్పష్టంగా తెలుస్తుంది.

స్ప్రింగులా, కాయిలోవర్లా?

టైర్ల కోణం నుంచి మాత్రమే చూస్తే, ఎత్తు ఒకసారి పెట్టి వదిలేసేవారికి లోయరింగ్ స్ప్రింగులే మేలు. ఎత్తు మార్చే వీలు లేదు కాబట్టి అలైన్‌మెంట్ చెక్కుచెదరదు. కాయిలోవర్ (కాలర్ తిప్పి ఎత్తు మార్చుకునే స్ప్రింగు, షాక్ జత) ఒక్కో మూల ఎత్తును విడిగా సరిచేయనిస్తుంది. అది గొప్ప సుగుణమే. కానీ 10 మి.మీ. తిప్పినా టో మారుతుందని గుర్తుంచుకోక, వారం వారం కాలర్ తిప్పేవారి టైర్లు నిలవవు. కాలర్ ముట్టుకుంటే అలైన్‌మెంట్ మళ్లీ మొదటి నుంచే. ఎయిర్ సస్పెన్షన్ ఉంటే నడిపే ఎత్తు ఒకటి ఖాయం చేసుకుని, ఆ ఎత్తులోనే కోణాలు పెట్టించాలి, ఆ ఎత్తులోనే నడపాలి.

లోపలి అంచు ఇప్పటికే కాస్త అరిగి, తీగ తేలకపోతే టైరును రిమ్ మీద తిరగేసి వేయించవచ్చు. ముందూ వెనకా మార్చినంత మాత్రాన లోపలి అంచు లోపలే ఉంటుంది, విప్పి తిరగేయాల్సిందే. దిశ బాణం ఉన్న టైరైతే తిరగేశాక బండికి అవతలి పక్కన వేయాలి, అప్పుడే బాణం సరైన వైపు తిరుగుతుంది. ఏది బయటి వైపో పక్క గోడ మీద ముద్రించి ఉన్న అసిమెట్రిక్ టైర్లను తిరగేయకూడదు. తీగ కనబడిన టైరును మాత్రం ఎక్కడా వేయకండి, అదే రోజు తీసేయండి.