యాంజియోగ్రామ్: మణికట్టు నుంచి మేలా, తొడ నుంచి మేలా?

నేను పనిచేసేది సూర్యారావుపేటలో, ఒక క్యాత్ ల్యాబ్‌లో. అంటే ధమనిలోంచి సన్నని గొట్టం పంపి గుండె రక్తనాళాలను చూసే (యాంజియోగ్రామ్ చేసే) గది. డాక్టరు గది దాటి వచ్చిన బంధువులు నన్ను ఆపి అడిగేది ఒకటే: "చేతి నుంచి చేయించమంటారా, తొడ నుంచా?" మొన్న మా పెదనాన్నగారికి చేయించాల్సి వచ్చినప్పుడు ఇంట్లోనూ ఇదే చర్చ. "చేతిలో రక్తనాళం మూసుకుపోతే చెయ్యి పడిపోదా?" అన్నది ఆయన భయం.

అర్థం లేని భయం కాదు. మణికట్టు దగ్గర రేడియల్ ధమని లావు రెండు మూడు మిల్లీమీటర్లే. గొట్టం తగిలితే బిగుసుకుపోతుంది, కొందరిలో తరువాత మూసుకుపోతుంది కూడా. పైన భుజం దగ్గర సబ్‌క్లేవియన్ ధమని మెలికలు తిరిగి ఉంటే ఇంకా తంటా. తొడ ధమని లావు, దారి సూటి, పెద్ద పరికరమూ పడుతుంది.

అయినా నా మొగ్గు మణికట్టుకే. నాకు లెక్క రక్తస్రావం. రేడియల్ చర్మం కిందే ఎముకను ఆనుకుని ఉంటుంది, వేలితో అదిమితే రక్తం ఆగుతుంది. తొడ ధమని అలా కాదు. పైకి చుక్క కనిపించకుండానే లోపల పొట్ట వెనక రక్తం చేరవచ్చు. అదీకాక అక్కడైతే గంటల తరబడి కాలు కదపకుండా వెల్లకిలా పడుకోవాలి.

ఇక చెయ్యి పడిపోవడం సంగతి. పెదనాన్నగారి బొటనవేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు పెట్టి, రేడియల్‌ను గట్టిగా నొక్కాను. తెర మీద గీత చదునైంది. కాసేపటికి చిన్న చిన్న అలలుగా మళ్లీ లేచింది. "ఇది చిటికెనవేలి వైపు నుంచి వచ్చే అల్నార్ ధమని రక్తం. అరచేతిలో రెండూ కలుస్తాయి" అన్నాను. "రెండు కాలువల చేను అన్నమాట" అన్నారు, వ్యవసాయం చేసిన మనిషి.

మణికట్టు దారి ఏదో కొత్త వింత అనుకునేవారికి: కెనడా డాక్టరు లూసియన్ కాంపో ఈ దారిలో చేసిన యాంజియోగ్రామ్‌ల ఫలితాలను 1989లోనే ప్రకటించారు.

మోచేతి దగ్గర బ్రాకియల్ పాతకాలపు దారి. కింది చేతికంతటికీ ప్రధాన ఆధారం అదే, పక్కనే నరం. తప్పనిసరైతేనే. అల్నార్ నుంచీ చేస్తారు, అరుదుగా.

కిడ్నీలు దెబ్బతింటున్నవారు మాత్రం ముందే డాక్టరుకు చెప్పాలి. రేపు డయాలసిస్‌కు ఫిస్టులా వేయడానికి, అంటే ధమనినీ సిరనూ కలిపి కుట్టడానికి, ఆ మణికట్టు ధమనే కావాల్సి రావచ్చు.

పెదనాన్నగారు గంటలోపే లేచి కూర్చున్నారు. కుడి మణికట్టుకు గాలి పట్టీ, చెయ్యి వంచకూడదు. పట్టీలోని గాలిని సిరంజితో కొంచెం కొంచెంగా తీస్తుంటే, ఎడమచేత్తో ఇడ్లీ తినేది లేదని భీష్మించారు. చివరికి పెద్దమ్మే తినిపించింది.