వాడుక నీటి మడికి ఏది మేలు: కిక్కిసా, జమ్మా, వట్టివేరా?

పాల షెడ్డు కడిగిన నీళ్లు, స్నానాల నీళ్లు ఊరికే కాలవలో వదిలేయకుండా గులకరాళ్ల మడిలో శుద్ధి చేసి తోటకి పారించుకుందామనుకునేవాళ్లు చంద్రగిరి, పాకాల వైపు నుంచి నన్ను తరచూ అడుగుతున్నారు. మడి కట్టడం వాళ్లకి తెలుసు. ముందు మడ్డి దిగే తొట్టి, తర్వాత రాళ్ల మడి, చివర నీళ్లు బయటికి పోయే మడవ. అందరూ ఆగేది ఒకే ప్రశ్న దగ్గర: అందులో ఏం నాటాలి? మా ఇంటి వెనక మడిలో ఈ ఏడు కిక్కిస (నీటి పక్కన పెరిగే, బోలు కాడ ఉన్న ఎత్తు గడ్డి) వేశాను కాబట్టి నా మొగ్గు ఎటో ముందే తెలిసిపోతుంది. అయినా మిగతా రెండిటికీ అన్యాయం చేయను.

జమ్ముతో మొదలుపెడదాం, ఎక్కువమంది వేసేది అదే. వెతుక్కోనక్కర్లేదు. తిరుపతి మురుగు కలిసే చోట స్వర్ణముఖిలో చూడండి, ఊరి కుంటల్లో చూడండి, ఎవరూ నాటకుండానే మనిషెత్తు లేచి ఉంటుంది. మురుగంటే దానికి పండగే. ఆకు చాపలకీ, పాక కప్పడానికీ వస్తుంది. గిజిగాళ్లలో ఒక రకం దాని ఆకుల మధ్యే గూళ్లు కడుతుంది. పైసా ఖర్చు లేని మొక్క ఇన్ని పనులకొస్తుంటే ఇంకోటి ఎందుకని అడగడం న్యాయమే.

నేను చూసేది వేరు లోతు. రాళ్ల మడి సాధారణంగా రెండడుగుల లోతుంటుంది, అంటే 60 సెంటీమీటర్లు. జమ్ము వేరు అందులో సగానికే ఆగిపోతుంది. 1980ల్లో అమెరికాలో, కాలిఫోర్నియాలోని శాంటీ అనే ఊళ్లో ఒకే మురుగునీటిని పక్కపక్క మడుల్లోకి వదిలి చూశారు. జమ్ము వేళ్లు 30 సెంటీమీటర్ల దగ్గర నిలిచాయి, కిక్కిస జాతివి 60 దాటాయి. అమోనియా జమ్ము మడిలో 28 శాతం తగ్గింది, కిక్కిస మడిలో 78 శాతం. మొక్కే లేని ఉత్త రాళ్ల మడిలో 11. నిజానికి ఈ రెండిటినీ మించి 94 శాతం తీసింది అక్కడి బుల్‌రష్ అనే తుంగ జాతి మొక్క. దాన్నే తెచ్చి నాటుదామంటే మన వైపు దొరకడం కష్టం.

లోతు అంత ముఖ్యం ఎందుకంటే, నీళ్లు శుభ్రం చేసేది మొక్క ఒక్కటే కాదు, వేళ్లని పట్టుకుని బతికే సూక్ష్మజీవులు కూడా. అమోనియాని మార్చే రకాలకి గాలి కావాలి. నీళ్లు నిండిన రాళ్ల మధ్యకి గాలి ఎక్కణ్ణుంచి వస్తుంది? కిక్కిస కాండం కోసి చూడండి, కణుపుల మధ్య లోపలంతా బోలు. ఆకుల దగ్గర పుట్టే ఒత్తిడికి గాలి పచ్చి కాండాల్లోంచి కిందికి దిగి, దుంపంతా తిరిగి, విరిగి ఎండిన పాత కాండాల్లోంచి బయటికి పోతుంది. అందులో కొంత వేరు కొసల్లోంచి నీళ్లలోకి చేరుతుంది. జమ్ములోనూ ఈ ఏర్పాటు ఉంది. కానీ వేరు అందని కింది అడుగులో గాలి ఉండదు, నీళ్లు అటునుంచే జారిపోతాయి. మడవ దగ్గర కంపు కొడితే చాలావరకు కారణం ఇదే. కాబట్టి ఎండిపోయిన కిక్కిస కాడలని చూడ్డానికి బాగాలేవని మొత్తం పీకేయకండి. మొక్కకి ఊపిరి పోయే దారి అదే.

రెండోది మన ఎండాకాలం. ఇక్కడ చెరువులు నిండి మొరవ పోయేది అక్టోబరు, నవంబరు వానలకి. ఏప్రిల్, మే వచ్చేసరికి వాడుక నీళ్లు కూడా తగ్గుతాయి, పెళ్లికో తీర్థానికో ఇల్లు తాళం వేసి నాలుగు రోజులు పోతే మడి పైభాగం ఎండుతుంది. లోతు వేరున్న కిక్కిస తట్టుకుంటుంది, పైపైన వేరున్న జమ్ము ముందు పసుపెక్కుతుంది.

ఉజ్జయినిలో ప్రొఫెసర్ బిల్లోరె బృందం 1990ల్లోనే ఇలాంటి రాళ్ల మడిలో కిక్కిస వేసి ఇళ్ల మురుగు శుద్ధి చేసి చూపించింది. మన ఎండలకి కొత్త ప్రయోగం ఏమీ కాదు.

దాని చెడ్డ గుణమూ చెప్పాలి. దుంప పాకుడు భయంకరం. కొల్లేటి దగ్గర కిక్కిస కమ్మేసిన మేర చూసినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. యూరప్ రకం అమెరికా చిత్తడి నేలల్లోకి చేరి అక్కడి మొక్కల్ని తోసేసింది. కాబట్టి సిమెంటు గోడో మందపాటి షీటో ఉన్న మడిలోనే వేయండి. చెరువులో, కయ్య గెనిమ మీద, సప్లై కాలవలో వద్దే వద్దు. అదుపు తప్పితే కాడని నీటిమట్టానికి కింద కోయాలి, గాలి దారి మూసుకుని దుంప కుళ్లుతుంది. జమ్ముకీ అదే మందు. ఒక తేడా మాత్రం ఉంది: జమ్ము కంకి ఒక్కదాంట్లో రెండు లక్షలకి పైగా గింజలుంటాయి, దూదితో ఎగిరి పక్క ఊరి కుంటలో పడతాయి. కిక్కిస ఎక్కువగా దుంపతోనే వ్యాపిస్తుంది కాబట్టి గోడ దాన్ని చాలావరకు ఆపగలదు.

వట్టివేరు పాకదు, దక్షిణాది రకం గింజ కూడా కట్టదు. వేరు మట్టిలో ఆరేడడుగులు దిగుతుంది. మడి గోడ నమ్మకం లేనివాళ్లు, చెరువు పక్కనే ఇల్లున్నవాళ్లు నా మాట వినకుండా అదే వేసుకోవచ్చు. ఎప్పుడూ నీళ్లు నిండిన రాళ్లలో మాత్రం దాని వేరు మట్టిలో దిగినంత దిగదు, నీడలో అసలు ఎదగదు, మొక్కలు కొనాలి. దాని అసలు చోటు కట్ట, గట్టు.

మెట్టతామర పూలు బాగుంటాయి, అపార్ట్‌మెంటు వాళ్లకి సరే. గుర్రపు డెక్క గురించి అడక్కండి.

కోసిన కిక్కిస తడికలకి, చిక్కుడు పాదుకి ఊతంగా వస్తుంది. టమోటాకి ఆగదు, దానికి సరుగుడు కర్రే. లేత చిగుళ్లు పశువులు తింటాయి, అయితే మురుగు మడిలోది నేను వేయను, మామిడి పాదుల్లో పరుస్తాను.

దుంపలు తెచ్చుకునేటప్పుడు రెల్లు తెచ్చుకోకండి, మన వైపు చాలామంది రెండిటినీ ఒకే పేరుతో పిలుస్తారు. రెల్లు ఆకు సన్నం, పువ్వు వెండిలా తెల్లన. కిక్కిస ఆకు రెండు వేళ్ల వెడల్పు, పువ్వు గోధుమరంగులో ఒక పక్కకి వాలి ఉంటుంది. కణుపులున్న దుంప ముక్క జానెడు చాలు, వానలు మొదలయ్యాక నాటి మొదటి నెల నీళ్లు రాళ్ల పైదాకా నిలపండి.