కాలుష్యానికి పరిహారంగా భూమి: నల్లమల అంచున కొనాలా, ఉప్పుటేటి గట్టునా?

నెల్లూరు తీరంలోని కృష్ణపట్నం చుట్టుపక్కల థర్మల్ కేంద్రాల బూడిద పడినందుకో, ఉప్పుటేట్లో మురుగు కలిసినందుకో, ఆ కాలుష్యం చేసినవాళ్లను పరిహారంగా వన్యప్రాణులకు భూమి కొనివ్వమంటే, చాలామంది చూపు నల్లమల మీదకే పోతుంది. మార్కాపురం వైపు అడవి అంచు మెట్ట భూములు కొనడం తప్పేమీ కాదు. నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం నుంచి వెలిగొండల మీదుగా శేషాచలం దాకా పోయే దారిలో ఒక్క పొలానికి కంచె పడినా జంతువు ఆగిపోవచ్చు. ఆ దారిలో పదెకరాలు, పక్కనెక్కడో ఉన్న వందెకరాల కంటే మేలు.

చిక్కంతా కాగితాల్లో ఉంది. అడంగల్ (సాగు రికార్డు), 1బీ (హక్కుల రికార్డు), 30 ఏళ్ల ఈసీ (పాత లావాదేవీలు, తాకట్ల వివరం), ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పటం) చూసి, సర్వే నంబరు 22ఏ జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల్లో, లేదని తేలాకే బయానా ఇవ్వాలి. పట్టాదారు గడిలో పేరు బదులు చుక్కలుంటే అది హక్కు తేలని భూమి, అక్కడే ఆగిపోవాలి. రిజిస్ట్రేషన్‌తో పని అయిపోదు. రెవెన్యూ రికార్డులో అటవీశాఖ పేరుకు మారి (మ్యుటేషన్), 1967 ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం 4వ సెక్షన్ నోటిఫికేషన్, హక్కుల విచారణ, 15వ సెక్షన్ ప్రకటన పూర్తయితేనే అది రిజర్వు అడవి. అందులో జామాయిలు నాటితే లెక్కకు చెట్లుంటాయి, జింకకు మేత ఉండదు.

మరి నష్టపోయింది ఎవరు? కండలేరు ఉప్పుటేట్లో పీతలు, రొయ్య పిల్లలు, ఉల్లంకి పిట్టలు. అందుకే మా ఓటు ముందు పాడుబడ్డ రొయ్యల గుంటలకు, వాటిలో తిరిగి మొలిపించే మడ అడవికి (ఉప్పునీటి బురదలో పెరిగే చెట్లు). గుంట గట్టు పోటునీటిని అడ్డుకుంటుంది. లోపల నిలిచిన నీరు ఎండాకాలం ఇగిరి, తెల్లగా ఉప్పు పొర కడుతుంది. అందులో నాటిన మొక్క బతకదు. పాత వాగు నోరు ఎక్కడుందో అక్కడే గట్టు తెగ్గొట్టాలి. తల కాలవ తవ్వి, దానికి చేపముల్లులా ఏటవాలుగా పిల్ల కాలవలు తీయాలి. ఆటుకి నీరంతా బయటికి పోతేనే నేల సిద్ధమైనట్టు. చీలమండ లోతు నీరు మిగిలితే కాలవ ఇంకా లోతు చేయాలి. అక్టోబరు–డిసెంబరు వానలకు ఉప్పు దిగాక, తెల్లమడ మొక్కలను కాలవ వాలు మధ్యలో నాటాలి. అడుగున నాటితే మునిగిపోతాయి, గట్టు మీదైతే ఎండిపోతాయి. మడ ఆకంటే బర్రెలకు ఇష్టం కాబట్టి కాపలా మనిషి ఖర్చు మొదటే లెక్కలో పెట్టాలి.

ఇక్కడా పేచీ ఉంది. చాలా గుంటలు పోరంబోకు అనే ప్రభుత్వ భూమిలోనో, పేదలకు ప్రభుత్వం ఇచ్చిన, అమ్మకూడని అసైన్డ్ భూమిలోనో ఉంటాయి. కౌలుదారుకు డబ్బిచ్చి కొన్నామనుకుంటే మోసపోతారు. తహసీల్దారు రికార్డు చూసి, ప్రభుత్వ భూమైతే ఆ డబ్బు కాలవలకు, కాపలాకు వాడాలి.

1980 అటవీ సంరక్షణ చట్టం కింద అడవి భూమి వాడుకున్నందుకు పెంచాల్సిన ప్రత్యామ్నాయ అడవి వేరే బాకీ. అదే ఎకరాన్ని కాలుష్య పరిహారంగా మళ్లీ చూపిస్తే ఒప్పుకోకూడదు.