కంప్యూటర్‌లో ఓటీపీ యాప్‌కి డబ్బు కట్టే ముందు ఒక్క నిమిషం (వైజాగ్‌లో కొత్త సిస్టమ్ కొనేవాళ్లకి)

ద్వారకానగర్, డాబాగార్డెన్స్ వైపు ఈ మధ్య కొత్త డెస్క్‌టాప్ కొంటున్నవాళ్లు బిల్లు ఒకసారి పూర్తిగా చూసుకోండి. అందులో "సెక్యూరిటీ ప్యాక్" అని ఒక లైను ఉంటే, లోపల ఏం పెట్టారో అడిగాకే డబ్బివ్వండి. అడగకపోతే ఏమవుతుందో మా ఆఫీసులో చూశాం.

మాది పోర్టు ఏరియాలో చిన్న క్లియరింగ్ ఆఫీసు. మా సార్ కొత్త సిస్టమ్‌లు తెప్పించినప్పుడు షాపు వాళ్లే ఒక ఆథెంటికేటర్ ప్రోగ్రామ్ (పాస్‌వర్డ్ తర్వాత అడిగే కోడ్ చూపించేది) వేసిచ్చారు. ఫోన్ తీయక్కర్లేదు, లాగిన్ కోడ్ కంప్యూటర్‌లోనే వచ్చేస్తుంది అన్నారు. సిస్టమ్‌కి పదిహేను వందలు. ఏడాది పాటు బాగానే నడిచింది. లైసెన్స్ గడువు అయిపోయిన సోమవారం పొద్దున తెరిస్తే అంకెలు ఉండాల్సిన చోట చుక్కలున్నాయి. పైన ఎర్ర పట్టీలో "రెన్యూ చేసుకోండి" అని ఉంది. ఆఫీసు మెయిల్, వెబ్‌సైట్ హోస్టింగ్, సార్ షేర్ల ఖాతా, అన్నీ ఆ చుక్కల వెనకే. మెనూలన్నీ వెతికినా ఎక్స్‌పోర్ట్, అంటే మన ఖాతాల వివరాలు బయటికి తీసుకునే దారి, అన్నదే లేదు. షాపుకి ఫోన్ చేస్తే, "కట్టేయండి మేడమ్, వచ్చేస్తాయి" అని ఒకటే పాట.

డబ్బు విషయం అలా ఉంచండి. సెట్టింగ్స్‌లో అకౌంట్ అన్న చోట చూస్తే మా మెయిల్ ఐడీ లేదు. షాపు ఐడీ ఉంది. కింద "క్లౌడ్ సింక్: ఆన్" అని పచ్చ చుక్క. అంటే మా ఖాతాల సీక్రెట్ కీలన్నీ ఏడాదిగా వాళ్ల అకౌంట్‌లోకి వెళ్తున్నాయి. తాళం అమ్మినవాడు మారు తాళంచెవి తన జేబులోనే ఉంచుకున్నట్టు!

దీనికి ఇంత టెన్షన్ ఎందుకని కొందరు అడిగారు. సెటప్ చేసేటప్పుడు సైటు ఒక క్యూఆర్ కోడ్ చూపిస్తుంది కదా, అందులో ఉండేది ఒక రహస్య కీ. ఆ కీనీ, అప్పటి సమయాన్నీ కలిపి లెక్క కడితే ఆరంకెలు వస్తాయి, మామూలుగా ముప్పై సెకన్లకోసారి మారతాయి. లెక్క ఎలా కట్టాలన్నది ఆర్‌ఎఫ్‌సీ 6238 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం పేరుతో 2011 నుంచీ అందరికీ తెరిచే ఉంది. అందుకే కీ ఎవరి చేతిలో ఉంటే వాళ్లు ఎక్కడ కూర్చునైనా మన కోడ్ తీయగలరు, మనకి మెసేజ్ కూడా రాదు. పాస్‌వర్డ్ మార్చుకున్నా ఈ కీ మారదు. రెన్యూవల్ కట్టినా మారదు. ఈ మాట సార్‌కి అర్థమయ్యాకే చెక్కు పక్కన పెట్టారు.

బ్యాకప్ కోడ్లు (సెటప్ అప్పుడు సైటు ముందే ఇచ్చే అత్యవసర కోడ్లు) ఉన్న ఖాతాల్లోకి వాటితో వెళ్లాం, లేనివాటికి సపోర్ట్ వాళ్ల చుట్టూ తిరిగాం. ప్రతిచోటా పాత టూ-ఫ్యాక్టర్ (పాస్‌వర్డ్ మీద రెండో తాళంగా ఉండే ఈ కోడ్ ఏర్పాటు) తీసేసి కొత్త కీ పెట్టుకున్నాం. చాకిరీయే, కానీ ఇలా చేస్తేనే పాత కీ ఎవరి దగ్గరున్నా పనికిరాకుండా పోతుంది.

ఇక ఆ పదిహేను వందలకి మాకు వచ్చింది ఒక విండో మాత్రమే. అదే పని ఉచితంగా చేసే ఓపెన్ సోర్స్ (లోపలి కోడ్ ఎవరైనా చూడగలిగే) టూల్స్ ఉన్నాయి. ఇప్పుడు మా సిస్టమ్‌లలో ఉన్నది కీపాస్‌ఎక్స్‌సీ, పాస్‌వర్డ్‌లు దాచుకునే ప్రోగ్రామ్, ఈ కోడ్లూ చూపిస్తుంది. విండోస్, మాక్, లైనక్స్ మూడింటిలోనూ నడుస్తుంది, అకౌంట్ అడగదు, అంతా మన డిస్క్ మీద ఒకే ఎన్‌క్రిప్టెడ్ ఫైలులో ఉంటుంది. ఎంట్రీ మీద ఉండి కంట్రోల్ టీ నొక్కితే కోడ్ కాపీ అవుతుంది. కావాలంటే అదే కీని మళ్లీ క్యూఆర్‌గా చూపిస్తుంది, ఫోన్‌లోకి ఎక్కించుకోవచ్చు. మేం డబ్బు కట్టిన దానిలో లేనిది ఇదే. ఇబ్బందల్లా, సైటు చూపించే క్యూఆర్‌ని ఇది స్కాన్ చేయదు, కీని మనమే పేస్ట్ చేయాలి. చేత్తో రాసుకునేవాళ్లకి ఒక చిట్కా: ఆ కీలో సున్నా, ఒకటి, ఎనిమిది, తొమ్మిది అంకెలు రావు. సున్నాలా కనిపిస్తే అది ఇంగ్లిష్ O అక్షరమే. పాస్‌వర్డ్, కోడ్ రెండూ ఒకే ఫైలులో పెడితే రెండో తాళానికి అర్థం ఉండదు కాబట్టి మేం వేరే ఫైలు, వేరే పాస్‌వర్డ్ పెట్టుకున్నాం.

ఫోన్‌లోనూ కంప్యూటర్‌లోనూ ఒకే లిస్టు కావాలంటే ఎంటే ఆథ్ బాగుంది. ఇదీ ఓపెన్ సోర్సే. బ్యాకప్ ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్‌తో (మధ్యలో వాళ్లు కూడా చదవలేకుండా) వెళ్తుంది, అకౌంట్ లేకుండా కూడా వాడుకోవచ్చు, ఎక్స్‌పోర్ట్ ఉంది. లైనక్స్ టెర్మినల్ అలవాటున్నవాళ్లకి ఓత్‌టూల్ అనే కమాండ్ చాలు. కాకపోతే కీని కమాండ్‌లోనే టైప్ చేస్తే హిస్టరీలో ఉండిపోతుంది, చూసుకోండి. విండోస్ కోసం వచ్చిన విన్‌ఆథ్ పేరు పాత లిస్టుల్లో ఇంకా కనిపిస్తుంది. దాన్ని ఇప్పుడు ఎవరూ నిర్వహించడం లేదు, కొత్తగా మొదలుపెట్టకండి.

పెద్ద కంపెనీది అయితే భయం లేదనుకోవడానికీ లేదు. ఆథీ అనే పేరున్న ఆథెంటికేటర్ తన డెస్క్‌టాప్ యాప్‌ని 2024 మార్చిలో ఆపేసింది. అందులోనూ కీలు బయటికి తీసుకునే దారి ఇవ్వలేదు. కాబట్టి ఏ టూల్ అయినా సరే, ముందు ఒక పనికిరాని ఖాతా కీ వేసి, దాన్ని బయటికి తీసి, ఇంకో టూల్‌లో పెట్టి చూడండి. నేను కీపాస్‌ఎక్స్‌సీ, ఓత్‌టూల్ పక్కపక్కన తెరిచి చూపించాను. రెండింటిలో అవే ఆరంకెలు, ఒకేసారి మారుతుంటే, "మరి వాడు అమ్మిందేంటమ్మా?" అన్నారు సార్.

అంకెలు కలవకపోతే ముందు గడియారం చూడండి. షాపులో విండోస్ వేసేటప్పుడు టైమ్ జోన్ అమెరికాదే వదిలేసి, టైమ్ మాత్రం చేత్తో సరిచేసి ఇచ్చేస్తుంటారు. స్క్రీన్ మీద టైమ్ మన వాచీతో సరిపోతుంది, లోపల లెక్క మాత్రం గంటల తేడాతో ఉంటుంది, కోడ్ ప్రతిసారీ తప్పే. జోన్ ఇండియాకి మార్చి, ఆటోమేటిక్ టైమ్ ఆన్ చేయండి.

డౌన్‌లోడ్ మాత్రం ఆ ప్రాజెక్టు సొంత సైటు నుంచే. సెర్చ్‌లో పైన వచ్చే ప్రకటనలు నొక్కొద్దు. కీపాస్ పేరుతో దొంగ ఇన్‌స్టాలర్లు అలాంటి ప్రకటనల ద్వారానే తిరిగాయని 2025లో బయటపడింది.

మీ దగ్గరా ఇలాంటి ప్యాక్ ఉంటే, కోడ్లు వస్తుండగానే కీలు మార్చుకోండి, గడువు దాకా ఆగొద్దు. ఖాతాలోంచి డబ్బు పోయుంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. బిల్లు గొడవలకి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. మేం అక్కడే ఫిర్యాదు పెట్టాం, ఇంకా తేలలేదు. అప్పటిదాకా షాపు పేరు రాయను, అడగొద్దు. బిల్లులో ఆ లైను కనిపిస్తే మీకే తెలుస్తుంది.