గురు: పంచ్‌లకి ఫుల్ మార్కులు, ప్రేమకే కోత

2017లో థియేటర్లో చూసి తెగ మెచ్చుకున్న సినిమా ఇది, మొన్న ఆదివారం మా అక్క కూతురితో కలిసి మళ్ళీ పెట్టుకున్నాం. అది ఏడాదిగా బాక్సింగ్ క్లాసుకి వెళ్తోంది, సోఫాలో బాసింపట్టు వేసుక్కూర్చుని, బొటనవేలికి లూపు తగిలించి మణికట్టు చుట్టూ మూడు చుట్లు, పిడికిలి మీదుగా ఇంకో మూడు, ఆ తర్వాత వేళ్ళ సందుల్లోంచి, అలా ఒక కన్ను టీవీ మీద పెట్టి హ్యాండ్ ర్యాప్ (గ్లవ్స్ లోపల చేతికి కట్టుకునే బట్ట పట్టీ) చుట్టుకుంటూనే ఉంది.

ఒక బాక్సింగ్ కోచ్, ఆయన శిష్యురాలి కథ ఇది. దర్శకురాలు సుధ కొంగర ముందు తమిళం, హిందీల్లో తీసి తర్వాత వెంకటేష్ కోచ్‌గా తెలుగులో తీశారు. మూడింట్లోనూ బాక్సర్ అమ్మాయి రితికా సింగే. ఆవిడ నిజంగానే కిక్‌బాక్సర్ కాబట్టి గుద్దు చేతిలోంచి కాకుండా నడుములోంచి వస్తుంది, డూపేమో అన్న డౌటే రాదు. ఇక్కడ వంక పెట్టడానికి ఏమీ లేదు.

నా పేచీ అంతా ప్రేమతోనే. రాముడు (రామేశ్వరి అంటే ఎవరూ పలకరు) కోచ్‌ని ప్రేమిస్తుంది. అప్పటికి వెంకటేష్‌కి 56, రితికకి 22, సరే, మన సినిమాల్లో అదేం కొత్త కాదు, వదిలేద్దాం. కానీ ఏ పోటీకి పంపాలి, ఏం తినాలి, ఎప్పుడు నిద్రపోవాలి, అన్నీ ఆయన చేతిలో ఉన్నప్పుడు ఆ పిల్ల ఇష్టాన్ని ఇష్టమని ఎలా లెక్కేస్తాం? పైగా ఆడ బాక్సర్లని వేధించాడన్న ఆరోపణ మీదే ఆయన వైజాగ్ వస్తాడు. అది అబద్ధమని సినిమా ముందే మనకి చెప్పేసి, ఆ తర్వాత శిష్యురాలినే ఆయన వెనకాల పడేలా చేస్తుంది. తెలివైన ఏర్పాటే, నాకు మాత్రం మింగుడు పడలేదు. బయట ఇది ఎంత సున్నితమైన సంగతంటే, విదేశీ ట్రిప్పులో కోచ్ మీద ఒక సైక్లిస్టు ఫిర్యాదు చేశాక, ఆడపిల్లలున్న జట్టు ఎక్కడికెళ్ళినా మహిళా కోచ్ వెంట ఉండాల్సిందేనని 2022 జూన్‌లో స్పోర్ట్స్ అథారిటీ రూలు పెట్టింది.

అయితే ఒకటి ఒప్పుకోవాలి, ఆయన లొంగడు. ఆ పిల్ల మనసులో మాట చెప్తే కసురుతాడు. సొంత అక్క అసూయతో చేసిన పని వల్ల చెయ్యి దెబ్బతిని రాముడు ఓడిపోతే, అసలేం జరిగిందో తెలుసుకోకుండా తరిమేస్తాడు చూడండి, అక్కడ నాకు నిజంగా గొంతు పట్టేసింది. ప్రేమ నోరు విప్పకుండా రింగు పక్కన నిలబడ్డంతసేపూ సినిమా బరువుగా ఉంది. 'ఓ సక్కనోడా' పాట రాగానే మాత్రం మా వాడలో పెళ్ళిపందిరి మైకు గుర్తొచ్చింది. పాట బాగుంటుందండీ, కాదనను.

మా పిల్ల ఆ పాటలోనే ర్యాప్ ఆపి, "మా సార్‌తో ఇలా అంటే ముందు వంద బస్కీలు తీయిస్తారు, తర్వాత అమ్మకి ఫోన్ కొడతారు" అంది.

అయిదుకి మూడున్నర ఇస్తాను. క్లైమాక్స్‌లో రాముడు బాక్సింగ్ ఫెడరేషన్ పెద్దమనిషిని ఒక్కటిచ్చి, పరిగెత్తుకెళ్ళి కోచ్ మీదకి దూకుతుంది కదా, ఆ కౌగిలి దగ్గర నేను కళ్ళు తుడుచుకుంటుంటే ఇది రిమోట్ లాక్కుంది. "పిన్నీ, ఆగు, ఆ పంచ్ ఇంకోసారి చూడాలి, కుడి కాలు ఎక్కడ పెట్టిందో కనిపించలేదు."