తోట దారికి గేటు: సరుగుడు కర్రలా, జీఐ పైపులా?

చిత్తూరు వైపు మామిడి తోటలో చిన్న ఇల్లు కట్టుకున్నవాళ్లకి ట్రాక్టర్ ట్రాలీ పట్టే 12 అడుగుల దారికి తక్కువ ఖర్చులో గేటు కావాలంటే దారులు రెండు.

సరుగుడు కర్రల గేటు చౌక, వెల్డింగ్ అక్కర్లేదు. కానీ చెదలు వదలవు. బరువుకి ఒక మూల వంగిపోతుంది కూడా. వంగకుండా ఏటవాలు కర్ర ఒకటి బిగించాలి, అదీ కింది బందు (గేటు తిరిగే కీలు) మూల నుంచి ఎదురు పై మూలకి. తిరగేసి బిగిస్తే ఆ కర్ర బరువు మోయదు, మేకులే లాగుకుపోతాయి.

జీఐ పైపు, అంటే జింక్ పూత వేసిన ఇనుప పైపు గేటుకి ముందు ఖర్చు ఎక్కువే. అయినా నా ఓటు దానికే. వెల్డింగ్ చేసిన చోట జింక్ పూత కాలిపోతుంది, తుప్పు అక్కడే మొదలవుతుంది. అందుకే అతుకులకి జింక్ ప్రైమర్ తప్పక వేయించండి. అడుగున మెష్ కడితే పందులు దూరడం తగ్గుతుంది. పలమనేరు, కుప్పం వైపు ఏనుగులొస్తే మాత్రం రెండూ ఆగవు.

ఏ గేటైనా స్తంభం గట్టిగా ఉండాలి. మన దగ్గర దొరికే రాతి కూసాన్ని 3 అడుగుల లోతున పాతి, చుట్టూ కాంక్రీటు పోయించండి. డబ్బు తగ్గించాలంటే గేటులో తగ్గించండి, కూసంలో వద్దు.