పెడెర్నాలిస్ ఒడ్డున ఒక జర్మన్ రైతు ఇల్లు: స్టోన్‌వాల్, ఫ్రెడరిక్స్‌బర్గ్ యాత్ర

టెక్సాస్‌లోని ఆస్టిన్‌లో ఉండే తెలుగువారు, ఒకప్పుడు జర్మన్ వలసదారులు కట్టుకున్న ఫ్రెడరిక్స్‌బర్గ్ ఊరికి వెళ్తే సాధారణంగా తిన్నగా మెయిన్ స్ట్రీట్‌కు చేరుకుని, దుకాణాలు చూసి, సాయంత్రానికి తిరిగి వచ్చేస్తారు. మేమూ రెండుసార్లు అలాగే చేశాము. మొన్న ఏప్రిల్‌లో పల్నాడు నుంచి వచ్చిన అమ్మానాన్నలను తీసుకువెళ్లినప్పుడు మాత్రం, ఊరికి పాతిక కిలోమీటర్ల ముందే, స్టోన్‌వాల్ దగ్గర ఆగాము. నాన్నగారు నలభై ఏళ్లు పత్తి పండించిన మనిషి కాబట్టి ఆయనకు దుకాణాల కన్నా పొలం నచ్చుతుందనుకున్నాను. ఆ ఒక్క మార్పుతో ఈ ప్రాంతం మాకు కొత్తగా అర్థమైంది. అందుకే ఎవరు అడిగినా ముందు పొలం, తర్వాతే ఊరు అని చెబుతున్నాను.

ఆ పొలం పేరు సావర్-బెక్‌మన్ ఫార్మ్. 290వ నంబరు రహదారి పక్కన, అమెరికా అధ్యక్షుడిగా పనిచేసిన లిండన్ జాన్సన్ పేరిట ఉన్న రాష్ట్ర ఉద్యానవనంలో ఉంది. ప్రవేశ రుసుము లేదు. 1869లో జొహాన్ సావర్, ఆయన భార్య క్రిస్టీన్ నలుగురు పిల్లలతో వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. తర్వాత ఆ నలుగురూ పదిమంది అయ్యారు. మొదట దుంగలతో, రాళ్లతో చిన్న గదులు కట్టుకున్నారు. 1885 నాటికి వాటి పక్కన మరికొన్ని రాతి కట్టడాలు లేచాయి. 1900లో ఈ భూమి బెక్‌మన్ కుటుంబం చేతికి వచ్చింది. 1915లో పత్తి బాగా పండడంతో ఎమిల్, ఎమ్మా బెక్‌మన్ దంపతులు కొత్త కొట్టం వేసి, పాత రాతి ఇంటికి ఒక చెక్క గది చేర్చి, ముందువైపు విక్టోరియన్ శైలిలో కొత్త ఇల్లు కట్టి, పాతదాన్నీ కొత్తదాన్నీ వసారాలతో కలిపారు.

ఈ వివరాలన్నీ అక్కడి పలకల మీద ఉన్నాయి కానీ, అసలు కథ గోడలే చెబుతాయి. వెనుక నుంచి ముందుకు నడిస్తే, మొదట సందుల్లో సున్నం కూరిన దుంగలు, ఆ తర్వాత చేతితో చెక్కిన సున్నపురాయి, చివరికి అచ్చు కొట్టిన రేకు తొడిగిన చెక్క గోడ వరుసగా కనిపిస్తాయి. ఇటువంటి రేకు ఆ రోజుల్లో ఫ్యాషన్. నాన్నగారు ఆ గోడ మీద వేళ్లతో తట్టి, బోలుగా మోగే చప్పుడు విని, మళ్లీ వెనక్కి వెళ్లి రాతి గోడ మీద అరచెయ్యి ఆనించి చూశారు. "ఒక్క పంటతో ఇంత ఇల్లా? ఆ ఏడు ధర కూడా బాగా పలికి ఉండాలి" అన్నారు. అంతకు ముందటి ఏడాది, అంటే 1914లో, ఐరోపా యుద్ధంతో ఎగుమతులు ఆగి పత్తి ధర కుప్పకూలిందని నేను చదివినది చెప్పాను. దిగుబడి, ధర ఒకే ఏడు కలిసిరావడం ఎంత అరుదో ఆయనకు తెలుసు కనుక చాలాసేపు ఆ ఇంటి ముందే నిలబడిపోయారు.

ఇక్కడి సిబ్బంది వంద ఏళ్ల కిందటి దుస్తులు వేసుకుని, ఆనాటి పనులు నిజంగానే చేస్తారు. ఆవులకు పాలు పితుకుతారు, పందులకు కుడితి పోస్తారు, గుడ్లు ఏరతారు, సబ్బు వండుతారు, కట్టెల పొయ్యి మీద మధ్యాహ్న భోజనం తయారుచేస్తారు. మేము వెళ్లేసరికి వంటింట్లో ఒకామె వెన్న తీస్తోంది. అమ్మ కాసేపు చూసి, మన ఇళ్లలో కవ్వానికి తాడు చుట్టి ఇటూ అటూ లాగే పద్ధతిని చేతులతో అభినయించి చూపించింది. ఆమె పని ఆపి, ఆ తాడు ఎక్కడ కడతారు, కుండ కదలకుండా ఎలా ఆపుతారు అని ఒక్కొక్కటే అడిగి తెలుసుకుంది. మా పెద్దమ్మాయి దుబాసీగా నిలబడింది. ఇంత ఓపికగా మాట్లాడే సిబ్బంది డబ్బు పెట్టి చూసే చోట్ల కూడా అరుదు. పాలు పితకడం చూడాలంటే ఉదయమే చేరుకోవాలి. చలికాలంలో పందిని కోసి మాంసం నిల్వచేసే పనులుంటాయి కనుక శాకాహారులు ఆ రోజులు ముందుగా కనుక్కుని వెళ్లడం మంచిది. నేల ఎగుడుదిగుడుగా ఉంటుంది, గడపలు ఎత్తు. మోకాళ్ల నొప్పులున్న అమ్మకు చేయూత అవసరమైంది.

సావర్ పిల్లల్లో ఒకరైన అగస్టా, పెళ్లయ్యాక లిండిగ్ ఇంటి కోడలు, ఈ చుట్టుపక్కల మంత్రసానిగా పనిచేసింది. 1908 ఆగస్టు 27న పెడెర్నాలిస్ నది ఒడ్డున జాన్సన్ గారింట్లో పురుడు పోసింది ఆమే. ఆ బిడ్డ తర్వాత అమెరికా 36వ అధ్యక్షుడయ్యాడు. నది దాటితే ఆ జన్మస్థలాన్ని తిరిగి కట్టిన ఇల్లు, ఆయన చిన్నతనంలో చదివిన జంక్షన్ స్కూల్ ఉన్నాయి. 1965లో ఆయన విద్యా చట్టంపై సంతకం చేసింది ఆ బడి దగ్గరే. సమయం ఉంటే చూడవచ్చు. మాకు పొలంలోనే సగం రోజు గడిచింది. 1966లో బెక్‌మన్ కుటుంబానికి చెందిన ఎడ్నా బెక్‌మన్ హైటవర్ ఈ స్థలాన్ని రాష్ట్ర ప్రభుత్వానికి అమ్మగా, ఏళ్ల తరబడి మరమ్మతులు చేసి 1975లో ప్రజల కోసం తెరిచారు.

రాష్ట్ర ఉద్యానవనంలో రాత్రి బస లేదు. గుడారం వేసుకునేవారు పెడెర్నాలిస్ ఫాల్స్‌కు గాని, ఎన్‌చాంటెడ్ రాక్‌కు గాని వెళ్లాలి. మేము ఫ్రెడరిక్స్‌బర్గ్‌లో 'సండే హౌస్' ఒకటి అద్దెకు తీసుకున్నాము. ఈ ఇళ్ల వెనుక పెద్ద చరిత్ర ఉంది. 1842లో కొందరు జర్మన్ ప్రభువులు వలసల కోసం ఒక సంఘం పెట్టి, కుటుంబానికి 320 ఎకరాలు ఇస్తామని ఆశ చూపారు. ఆ భూమి కొమాంచీలు అనే స్థానిక ఆదివాసుల నేల మీద, దూరంగా ఉండిపోయింది. ఓడ దిగిన తీరంలో 1846లో రోగాలతో ఎందరో చనిపోయారు. ఆ ఏడాది మే 8న ఫ్రెడరిక్స్‌బర్గ్ చేరినవారికి దక్కింది ఊళ్లో ఒక ఇంటి స్థలం, దగ్గర్లో పదెకరాలు. మరుసటి ఏడు వారి నాయకుడు మొయిసెబాక్ కొమాంచీలతో ఒప్పందం చేసుకున్నాడు. పదెకరాలతో బతుకు గడవక రైతులు వాగుల వెంట దూరంగా పొలాలు చూసుకున్నారు. అలా వెళ్లినవారు, వారి పిల్లలు శనివారం సరుకులకు, ఆదివారం చర్చికి బండి కట్టుకుని వచ్చి తలదాచుకోవడానికి ఊళ్లో చిన్న ఇళ్లు కట్టుకున్నారు. కింద ఒకటి రెండు గదులు, పైన పిల్లలు పడుకునే అటక, దానికి బయటి నుంచే మెట్లు.

మా బసకు కూడా ఆ బయటి మెట్లే ఉన్నాయి. పిల్లలకు సంబరం, పెద్దలకు ప్రమాదం. రాత్రిపూట బాత్‌రూమ్‌కు దిగాలంటే నిటారుగా ఉన్న ఆ మెట్లే గతి. తలుపు తాళానికి ముందుగా పంపిన అంకెలు పనిచేయలేదు. ఫోన్ ఎత్తేవారు లేక చీకట్లో నలభై నిమిషాలు కారులో కూర్చున్నాము. చివరికి మనిషి వచ్చి తాళం తీసి క్షమాపణ అడిగాడు కానీ, ప్రయాణంతో అలసిన పెద్దవాళ్లతో ఆ నిరీక్షణ చాలా కష్టమనిపించింది. గది మాత్రం శుభ్రంగా ఉంది, మందపాటి రాతి గోడల వల్ల మధ్యాహ్నం కూడా చల్లగా ఉంది. బ్లూబానెట్ అనే నీలి అడవి పూల కాలంలో శుక్ర, శనివారాల అద్దె మిగతా రోజుల కన్నా బాగా ఎక్కువ. వీలైతే మంగళ, బుధవారాల్లో వెళ్లండి. పెద్దలు వెంట ఉంటే ఒకే అంతస్తు ఉన్న ఇల్లు అడిగి తీసుకోండి.

రెండో రోజు పయొనీర్ మ్యూజియం చూశాము. దీనికి టికెట్ ఉంది. 1849లో మొదలైన కామ్లా ఇంట్లోని పొగచూరిన పొయ్యిలు, 1904 నాటి వెబర్ సండే హౌస్ చూడదగినవి. పొలం చూసి వచ్చాక ఈ చిన్న ఇంటి అర్థం ఇంకా స్పష్టమవుతుంది. అక్కడి ఇంటి వసారాలు, కొట్టాలు, పెరడు తలచుకుంటే, ఇక్కడి ఒంటి గది ఎందుకు సరిపోయిందో తెలుస్తుంది. ఫెరైన్స్ కిర్చె అనే ఎనిమిది మూలల చర్చి 1930లలో తిరిగి కట్టినది. పది నిమిషాలు చాలు.

భోజనం విషయంలో శాకాహారులు జాగ్రత్తగా ఉండాలి. జర్మన్ హోటళ్లలో బంగాళదుంప అట్టు, ఎర్ర క్యాబేజీ, ష్పెట్‌స్‌లె అనే పిండి వంటకం దొరుకుతాయి కానీ, క్యాబేజీలో పంది మాంసం ముక్కలు, కొవ్వు వేసే అలవాటు ఉంది. మేము అడిగిన చోట వడ్డించే అమ్మాయి వంటగదిలోకి వెళ్లి కనుక్కుని, నిజం చెప్పి, వేరే వంటకం తెచ్చింది. స్టోన్‌వాల్ పీచ్ పళ్లు మే నెల మధ్య నుంచి వస్తాయి కనుక మాకు దొరకలేదు.

చివరి ఉదయం ఒక బేకరీలో, ఎనభై దాటినట్టున్న దంపతులు పక్క బల్ల దగ్గర జర్మన్‌లో మాట్లాడుకోవడం విన్నాము. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో జర్మన్ల మీద అనుమానం పెరిగి, 1918లో టెక్సాస్ బడుల్లో ఇంగ్లీషు తప్పనిసరి చేశాక ఇక్కడి ఈ జర్మన్ యాస క్రమంగా ఇళ్లకు పరిమితమైంది. టెక్సాస్ విశ్వవిద్యాలయం 2001 నుంచి దీన్ని రికార్డు చేస్తోంది. నేను పలకరించి, ఈ యాసలో మాత్రమే ఉండే మాట ఒకటి చెప్పమని అడిగాను. పెద్దాయన నవ్వి "స్టింక్‌కాట్సె" అన్నాడు. అంటే కంపు పిల్లి. జర్మనీలో లేని స్కంక్ అనే జంతువు ఇక్కడ ఎదురైనప్పుడు పెట్టుకున్న పేరు. మీ పిల్లలు ఈ భాష మాట్లాడతారా అని నాన్నగారు నా చేత అడిగించారు. లేదని ఆవిడ తల ఊపి, మా పిల్లల వైపు చూసి, వీళ్లు మీ భాష మాట్లాడతారా అని తిరిగి అడిగింది. మా చిన్నవాడు సమాధానం చెప్పబోయి నా ముఖం చూశాడు. నాన్నగారు వాడి పళ్లెంలోకి రొట్టె ముక్క తుంచి వేస్తూ, "తెలుగులో చెప్పరా నాన్నా, ఆవిడ వింటుంది" అన్నారు.